డిశ్చార్జి సమ్మరీలో తప్పు కోడ్ పడితే బీమా సొమ్ము పోయినట్టేనా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. గత నెల తడిసిన మెట్ల మీద జారిపడటంతో ఎడమ కాలు మోకాలి కింద విరిగింది. రాడ్డు వేసి ఆపరేషన్ చేశారు. ఆరోగ్య బీమా తీసుకుని ఇంకా ఏడాది కాలేదు. డిశ్చార్జి సమ్మరీలో ‘ఎం80.0’ అని కోడ్ వేశారు. పైగా ఒకచోట ఎడమ కాలు అని, మరోచోట కుడి కాలు అని ఉంది. ఎముకలు గుల్లబారే జబ్బుకు వెయిటింగ్ పీరియడ్ (పాలసీ మొదలయ్యాక కొన్ని జబ్బులకు సొమ్ము చెల్లించని కాలం) పూర్తికాలేదంటూ కంపెనీ క్లెయిం తిరస్కరించింది. కోడ్ మార్చి, పాత తేదీతోనే కొత్త సమ్మరీ ముద్రించి ఇస్తామని ఆసుపత్రి బిల్లింగ్ విభాగం వారు అంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: దయచేసి తీసుకోకండి. మొదటి సమ్మరీ ఇప్పటికే కంపెనీ చేతిలో ఉంది. అదే తేదీతో, వేరే రోగనిర్ధారణతో రెండోది వెళ్లిందంటే, న్యాయమైన క్లెయిం కాస్తా మోసం అనుమానంలో పడుతుంది. మోసపూరిత పత్రాలు ఇస్తే పాలసీ ప్రయోజనాలన్నీ పోతాయన్న షరతు దాదాపు ప్రతి ఆరోగ్య పాలసీలోనూ ఉంటుంది. పొరపాటు ఆసుపత్రిది, దాని ఫలితం అనుభవించాల్సింది మాత్రం మీ అమ్మగారు.

ముందు ఆ కోడ్ సంగతి చూద్దాం. జబ్బులకు, గాయాలకు కోడ్‌లు ఇచ్చేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఐసీడీ-10 వర్గీకరణలో మోకాలి చిప్ప నుంచి చీలమండ దాకా దెబ్బతగిలి విరిగే ఎముకలన్నీ ఎస్82 కిందికి వస్తాయి. ముంగాలి పెద్ద ఎముక టిబియా నడిమి భాగంలో విరిగితే ఎస్82.2. పక్కనున్న సన్న ఎముక ఫిబులా కూడా దాంతోపాటు విరిగినా కోడ్ అదే. ఫిబులా ఒక్కటే విరిగితే ఎస్82.4. చర్మం చీలి గాయం ఎముక దాకా వెళ్లిందా లేదా అన్నది చివర మరో అంకెతో చూపవచ్చు: లోపలే విరిగితే 0, బయటికి తెరుచుకుంటే 1. ఏమీ రాయకపోతే లోపలి విరుపుగానే లెక్క. ఎడమా కుడా అన్నది ఈ అంకెల్లో ఎక్కడా ఉండదు, మాటల్లో రాయాల్సిందే. మెట్ల మీద పడటానికి డబ్ల్యూ10 అని విడిగా మరో కోడ్ ఉంది.

ఎం80 అసలు గాయాల అధ్యాయంలోదే కాదు. అది ఎముకలు గుల్లబారి, ఆ బలహీనత వల్ల విరిగినప్పుడు వేసే జబ్బు కోడ్. మీ వివాదమంతా ఇక్కడే ఉంది. నిర్దిష్ట జబ్బుల వెయిటింగ్ పీరియడ్ ప్రమాదం వల్ల వచ్చే క్లెయింలకు వర్తించదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించిన ప్రామాణిక షరతులోనే ఉంది. గాయమైతే ఆ షరతు మిమ్మల్ని కాపాడుతుంది. జబ్బు అయితే అదే షరతు అడ్డుపడుతుంది.

కోడ్ వేసేది చాలాచోట్ల డాక్టరు కాదు, రికార్డుల విభాగం. ఎక్స్‌రే రిపోర్టులో ఎముక సాంద్రత తగ్గినట్టుందన్న ఒక్క వాక్యం చూసి ఎం80 వేసి ఉండవచ్చు. ఎముకలు నిజంగానే గుల్లబారి, మామూలు ఎముక విరగనంత చిన్న తూలుకే విరిగిందని డాక్టరు భావించి ఉంటే మాత్రం ఆ కోడ్ తప్పని అనలేం. ఈ రెంటిలో ఏది నిజమో తేల్చాల్సింది ఆపరేషన్ చేసిన సర్జన్.

కాబట్టి మొదట కేస్ షీటు మొత్తం నకలు ఇవ్వాలని రాతపూర్వకంగా కోరండి. 2002 నాటి వైద్య వృత్తి ప్రవర్తనా నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లోగా ఇవ్వాలి. అది చేతికొచ్చాక అందులో చేర్చుకున్న రోజు రాసిన పేజీ చూడండి. ‘మెట్ల మీద జారిపడ్డారు’ అన్న వాక్యం ఆ రోజే, బీమా తగాదా పుట్టకముందే రాసి ఉంటే, నా దృష్టిలో మీకు అంతకంటే గట్టి సాక్ష్యం లేదు. ఆపరేషన్ నోట్సు, వాటికి అంటించిన రాడ్డు స్టిక్కరు, ఎక్స్‌రే ఫిల్ము మీద ఎడమకు వేసే ‘ఎల్’ గుర్తు కాలి వివాదాన్ని తేల్చేస్తాయి.

తరువాత సర్జన్‌కు లేఖ ఇవ్వండి. ఏ కాలు, ఏ ఎముక ఏ భాగంలో విరిగింది, విరగడానికి కారణం పడిన దెబ్బా లేక ఎముక బలహీనతా అని అడగండి. ‘ప్రమాదమని రాయండి’ అని మాత్రం అడగవద్దు. ఆయన సవరణ చేస్తే పాత సమ్మరీ అలాగే ఉండాలి. దానికి అనుబంధంగా నేటి తేదీతో, ఏది పొరపాటో, సరైనది ఏదో చెబుతూ, సంతకం, రిజిస్ట్రేషన్ నంబరుతో పత్రం ఇవ్వాలి. దిద్దుడు, చెరుపుడు ఉండకూడదు.

ఒక్క విషయం మీరు నాకు రాయలేదు. పాలసీకి ముందు 36 నెలల్లో అమ్మగారికి ఎముకలు గుల్లబారాయని ఏ డాక్టరైనా చెప్పారా? చెప్పి ఉంటే కంపెనీ ‘ముందే ఉన్న జబ్బు’ అని కూడా వాదించవచ్చు. ఆ షరతుకు ప్రమాదం మినహాయింపు లేదు. అలాంటి కాగితాలుంటే దాచకుండా మీ లాయరుకు చూపండి.

అనుబంధ పత్రం జోడించి, కంపెనీ ఫిర్యాదుల విభాగానికి పునఃపరిశీలన కోరుతూ రాయండి. 2024 మే నాటి ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, కంపెనీ క్లెయింల సమీక్షా కమిటీ ఆమోదం లేకుండా క్లెయిం తిరస్కరించకూడదు, ఏ షరతు కింద తిరస్కరించారో స్పష్టంగా చెప్పాలి. ఆ ఆమోదం ఉందా అని లేఖలోనే అడగండి. తిరస్కరణ లేఖలో లేని కొత్త కారణాలను తరువాత ముందుకు తేకూడదని సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే మొదటి లేఖ అసలును భద్రంగా ఉంచుకోండి.

నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చింది మీకు నచ్చకపోయినా బీమా వివాదాలను పరిష్కరించే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఖర్చు లేదు, 50 లక్షల రూపాయల వరకు వారి పరిధి. దీనికి గడువు ఏడాది. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లు. కమిషన్‌లో కేసు వేశాక అదే విషయం మీద అంబుడ్స్‌మన్ ఫిర్యాదు తీసుకోరు. అందువల్ల ముందు అంబుడ్స్‌మన్ దగ్గరికే వెళ్లమని నా సలహా.