ప్రొటీన్ పొడితో కాన్సర్ వస్తుందా? ముందు మీ ఫ్రిజ్‌లో సీసా చూడండి

జిమ్‌కి పోయే తమ్ముడు ప్రొటీన్ పొడి, క్రియాటిన్ వాడుతున్నాడు, కాన్సర్ వస్తుందా అని అడిగారు. ఆ రెండింటికీ టెన్షన్ పడకండి. ఈ పొడుల్లో ఎక్కువగా ఉండే వే ప్రొటీన్ అంటే, పాలు విరిగినప్పుడు మిగిలే నీళ్లలోంచి తీసిందే. కండరాలకు శక్తినిచ్చే క్రియాటిన్ మనం తినే చేపల్లోనూ ఉంటుంది. రోజుకు 3 నుంచి 5 గ్రాములు వాడితే కాన్సర్ వస్తుందనడానికి గట్టి ఆధారమేమీ లేదు.

మాది నెల్లూరు. మా తమ్ముడూ అంతే, కానిస్టేబుల్ సెలెక్షన్ల కోసం తెల్లారుజామునే ఏసీ సుబ్బారెడ్డి స్టేడియానికి పరుగుకి పోయేవాడు. నాయన వాడి ప్రొటీన్ డబ్బా చూసి "ఆ పిండి తాగి కాన్సర్ తెచ్చుకుంటావురా" అని రోజూ గొడవ. చివరికి డబ్బా తీసి అటకెక్కించాడు. ఫ్రిజ్ తలుపులో గుడ్ల పక్కనున్న చిన్న సీసాని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. కంటి చుక్కల మందేమో అనుకున్నాం.

ఒకరోజు మజ్జిగ తీస్తుంటే అది చేతికి తగిలింది. ఏందిరా ఇది అంటే "స్టామినా డ్రాప్స్ అక్కా, కోచ్ ఇచ్చాడు, 1600 మీటర్లకు దమ్ము నిలుస్తుందంట" అన్నాడు. నాలుగు వేలు పోశాడంట! లేబుల్ మీది చీమతలకాయంత అక్షరాలు ఫోన్ లైటేసి చదివాను. పరిశోధనకు మాత్రమే, మనుషులు వాడరాదు అని ఉంది. కింద జీడబ్ల్యూ 501516.

దాన్నే కార్డరిన్ అంటారు. మందుగా తేవాలని మొదలుపెట్టి, ఎలుకల్లో చాలా అవయవాలకు కాన్సర్లు రావడంతో కంపెనీయే వదిలేసింది. దీన్ని వాడొద్దని 2013లో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ క్రీడాకారులను ప్రత్యేకంగా హెచ్చరించింది. అలాంటిది మా ఇంట్లో గుడ్ల పక్కన! నాకు కాళ్లు వణికాయి. వాడి ముందే సింకులో పారబోశాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మాట్లాడకపోతే పోనీ.

ఇంకో బాధ. రోజుకో పెట్టె సిగరెట్లు కాల్చే మా మేనమామ వచ్చి పొడి మానమని వాడికి నీతులు చెప్తాడు. తను మాత్రం బలానికని విటమిన్ బిళ్లలు మింగుతాడు. ఫిన్లాండ్‌లో 29 వేల మంది పొగతాగేవాళ్ల మీద చేసిన పరీక్షలో, బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎ గా మారేది) బిళ్లలు వేసుకున్నవాళ్లకే ఊపిరితిత్తుల కాన్సర్ 18 శాతం ఎక్కువొచ్చింది. 1994 నాటి మాట ఇది. చెప్తే వింటాడా?

కోచ్‌ని పోయి అడిగాను. "అందరూ వాడుతున్నారు కదక్కా" అన్నాడు. సెలెక్షన్లకు తిరిగే పిల్లల్లో చాలామంది బ్యాగుల్లో ఇవే ఉంటాయని నా గట్టి నమ్మకం. మీ తమ్ముడి డబ్బాని వదిలేయండి, వాడి బ్యాగు జిప్పు తీసి చూడండి.