రాత్రి అరుపు జబ్బు కాదండీ, హెచ్చరిక

నమస్కారమండీ. అర్ధరాత్రి మీ చించిల్లా (ఎలుక జాతికి చెందిన, ఒత్తైన బొచ్చున్న చిన్న పెంపుడు జంతువు), నొక్కితే కూసే రబ్బరు బొమ్మలా వరసగా అరుస్తోందని రాశారు. కంగారు పడకండి. చిలీలోని ఆండీస్ కొండల్లో గుంపులుగా బతికే జీవి అది; ప్రమాదం పసిగడితే తోటివాటిని అలాగే అప్రమత్తం చేస్తుంది. మా దానికైతే ఫ్రిజ్ గుర్రుమన్నా ప్రమాదమే! పెద్ద దీపం వేయకుండా పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడితే కాసేపటికి సర్దుకుంటుంది. లోగొంతుతో సన్నగా కూనిరాగం తీస్తే పలకరింపు అనుకోండి. పళ్లు టకటకలాడిస్తూ వెనక్కాళ్లపై నిలబడినప్పుడు మాత్రం చేయి పెట్టకండి, ఆడదైతే సూటిగా మూత్రం చిమ్ముతుంది. అరుపుతోపాటు గడ్డం కింద బొచ్చు చొంగతో తడిసినా, మేత మానినా పళ్ల బాధ కావచ్చు. ఆ రోజే పశువైద్యుడికి చూపించండి.