యాప్‌లో ఎర్రర్ లేదు, స్టీరింగ్ మాత్రం ఊగుతోంది

ప్రశ్న: నాది పాత ఫోర్‌వీల్ డ్రైవ్, ముందు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు). 70 కిలోమీటర్ల వేగంలో చిన్న గుంత తగిలినా స్టీరింగ్ గడగడా కొట్టుకుంటోంది. ఓబీడీ డాంగిల్ (బండి పోర్ట్‌లో గుచ్చితే ఎర్రర్ కోడ్‌లు చదివే చిన్న పరికరం) పెట్టి ఫోన్‌లో చూస్తే ఒక్క ఎర్రర్ కోడూ లేదు. కొత్త స్టీరింగ్ డాంపర్ (స్టీరింగ్ కుదుపులను అణిచే షాక్ అబ్జార్బర్) వేయించాక కొంత తగ్గింది. ఇలాగే నడపొచ్చా?

జవాబు: నడపకండి. యాప్‌లో ఏమీ లేదంటే బండి బాగున్నట్టేనని రాసేవాళ్లకు కొదవ లేదు. సెన్సర్ లేని చోటి నుంచి కోడ్ ఎలా వస్తుంది? డాంపర్ వణుకును అణచిపెట్టిందంతే, లోపల అరుగుదల అలాగే ఉంది.

టైరు బ్యాలెన్సింగ్, పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకు జరగకుండా పట్టే కడ్డీ) బుష్‌లు చూసుకునే ఉంటారు కాబట్టి, అనుమానం కింగ్‌పిన్ బేరింగుల మీదే. చక్రాన్ని మోస్తూ స్టీరింగ్‌తో పాటు తిరిగే నకిల్‌కు పైనా కిందా ఉండే బేరింగులివి. జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద నిలిపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ప్లే (వదులు) తెలిస్తే ఇంకొకరిని బ్రేక్ తొక్కమనండి. ప్లే పోతే వీల్ బేరింగ్, పోకపోతే కింగ్‌పిన్ బేరింగ్. ఇవి చక్రంలా తిరగవు, ఎక్కువసేపు ఒకేచోట ఉండి అదురుతుంటాయి. అందుకే రోలర్లు రేసు (అవి దొర్లే ఉక్కు రింగు) మీద గాట్లు పెడతాయి. గాట్లుంటే, రెండు నకిల్‌లనూ కలిపే టై రాడ్ విప్పి నకిల్‌ను చేత్తో తిప్పితే సరిగ్గా మధ్యలో ‘టక్’మని ఆగుతుంది.

పక్కకు రెండు చొప్పున నాలుగూ మార్చండి, రేసులతో సహా. పాత రేసులో కొత్త బేరింగ్ వేస్తే పని మళ్లీ మొదటికొస్తుంది. పై షిమ్‌లు (సందు సరిచేసే పల్చటి రేకులు), కింది షిమ్‌లు కలిపేయకండి. మొత్తం మందం ప్రీలోడ్‌ను (బేరింగ్‌ను ముందే నొక్కి ఉంచే బిగుతును), పైకీ కిందికీ పంచిన తీరు నకిల్ సెంటరింగ్‌ను నిర్ణయిస్తాయి. సెంటర్ తప్పితే యాక్సిల్ సీల్ ఒకవైపే అరిగి కారుతుంది. సీల్స్ బిగించకముందే, టై రాడ్ రంధ్రానికి స్ప్రింగ్ బ్యాలెన్స్ (లాగే బలం చూపే స్ప్రింగ్ కాటా) తగిలించి లాగి చూడండి. మాన్యువల్‌లో చెప్పినదానికన్నా తేలిగ్గా కదిలితే షిమ్ తీయాలి, బిగుతుగా ఉంటే చేర్చాలి. 0.1 మి.మీ. షిమ్‌కే తేడా తెలుస్తుంది.

విప్పినప్పుడు నకిల్‌లో గ్రీజు నూనెలా పల్చబడి ఉందా? డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలోని గేర్ల పెట్టె) ఆయిల్ లోపలి సీల్ దాటి వచ్చిందన్నమాట. సీల్ మార్చి ఊరుకోకండి, డిఫరెన్షియల్ బ్రీదర్ మూసుకుపోయిందేమో చూడండి. గాలి పోయే దారి లేకపోతే వేడికి ఒత్తిడి పెరిగి కొత్త సీల్‌నీ తోసేస్తుంది.

అన్నిటికన్నా భయపెట్టేది స్టడ్లు, అంటే నట్లు ఎక్కించే తలలేని మర కడ్డీలు. కొన్ని మోడళ్లలో స్టీరింగ్ ఆర్మే (నకిల్‌ను తిప్పే చెయ్యే) బేరింగ్ క్యాప్ (మూత). అది నకిల్‌ను పట్టుకునేది నాలుగు స్టడ్లతోనే. స్టడ్ల దారాలకు గ్రీజంటినా, కోన్ వాషర్లు సరిగ్గా కూర్చోకపోయినా నట్లు వదులవుతాయి, ఆపై స్టడ్ తెగుతుంది. ఆర్మ్ ఊడితే ఆ చక్రం ఇక స్టీరింగ్ మాట వినదు. కొంచెం సాగినట్టున్న స్టడ్‌నైనా మార్చేయండి. దారాలు పొడిగా తుడిచి, చేతి అంచనాతో కాకుండా టార్క్ రెంచ్‌తో, మాన్యువల్ లెక్కకే బిగించండి. కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక మళ్లీ చూడండి. మెకానిక్‌లలో చాలామంది వదిలేసేది ఈ ఒక్క పనినే.

ఇంతకీ ఆ డాంగిల్ ఇంకా పోర్ట్‌లోనే ఉందా? చవకరకం బ్లూటూత్ డాంగిళ్లకు 1234, 0000 లాంటి పిన్‌లే ఎక్కువ, మార్చుకునే వీలూ చాలావాటికి ఉండదు. పక్కన ఆగిన ఎవరైనా జత కలుపుకోవచ్చు. కారు నెట్‌వర్క్‌లోకి తలుపు తెరిచే పరికరానికి ఇంత నాసి తాళమా? పైగా బండి ఆపినా బ్యాటరీ తాగుతూనే ఉంటుంది. చూడాల్సింది చూశాక పీకేయండి.