రామప్ప రిపోర్టు వేరే సిస్టమ్‌లో తెరిచినా చెదరొద్దంటే

బిడ్డా,

నీ రామప్ప ప్రాజెక్టు రిపోర్టు, సెమినార్ స్లైడ్లు రెండూ చూసిన. రాసిన విషయానికి వంక పెట్టేది లేదు. ఫైలు మాత్రం నీ ల్యాప్‌టాప్ దాటి బయటికి పోయేటట్టు లేదు. రిపోర్టు తెరుచుకునేది హన్మకొండ చౌరస్తా దగ్గర ఏదో జిరాక్స్ సెంటర్‌లో, స్లైడ్లు తెరుచుకునేది సెమినార్ హాల్‌లో. అక్కడ చెదిరితే సరిచేసుకునే టైమ్ ఉండదు. అందుకే ఇప్పుడే కూసొని ఈ పనులు చేసుకో.

ముందు ఫాంటు. మూడో అధ్యాయం బయట డీటీపీలో టైప్ చేయించినట్టున్నవు. పేజ్‌మేకర్ కాలంనాటి ఫాంట్లు యూనికోడ్ (ఏ సిస్టమ్‌లోనైనా తెలుగును తెలుగుగనే గుర్తించే పద్ధతి) కావు. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తయి. పరీక్ష సులువు: ఆ పేరా సెలెక్ట్ చేసి ఫాంటును నిర్మలా యూఐకి మార్చు. తెలుగు తెలుగుగనే ఉంటే ఫికర్ లేదు. పిచ్చిగీతలైతే కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి మార్చుకో. మార్చినంక మాత్రం అధ్యాయమంతా ఒక్కసారి చదువు, కన్వర్టర్లు తడబడేది వత్తుల దగ్గరనే.

సైజు దగ్గర ఒక చిక్కు ఉంది. వర్డ్‌లో కంట్రోల్+డీ నొక్కితే వచ్చే బాక్సులో ఇంగ్లిష్‌కు ఒక వరస, కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అని ఇంకో వరస ఉంటయి. తెలుగు రెండోదాని కిందికి వస్తది. నీ ఫైల్లో ఇంగ్లిష్ మాటలు 12లో, పక్కన తెలుగు 11లో ఉన్నది ఇందుకే. ఆ రెండో వరస కనిపించకపోతే ఆఫీస్ లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చుకో.

ఇక నన్ను బాగా ఇబ్బంది పెట్టింది లైన్ స్పేసింగ్. పేజీలు తగ్గాలని నువ్వు ఎగ్జాక్ట్‌లీ పెట్టి 14 పాయింట్లు ఇచ్చినవు. ఇంగ్లిష్‌కు అది నడుస్తది, తెలుగుకు నడవదు. 'రాష్ట్రం' అనే మాట చూడు: ష కింద ట వత్తు, దానికి తోడు ర వత్తు. 'శాస్త్రీయం'లో కింద రెండు వత్తులు, మీద గుడిదీర్ఘం. ఎగ్జాక్ట్‌లీ అంటే ఆ కొలత దాటిన గీతను వర్డ్ కోసేస్తది. నీ 12వ పేజీలో 'శాస్త్రం' కింద సగం వత్తే మిగిలింది. పేరాగ్రాఫ్ బాక్సులో మల్టిపుల్ ఎంచుకొని 1.15 గానీ 1.3 గానీ ఇయ్యి. పేజీలు నాలుగు పెరిగితే పెరగనీ. అన్నట్టు, జస్టిఫై కూడా తీసేయి. మన మాటలు పొడుగు, లైను చివర పట్టక కిందికి దిగితే మిగిలిన మాటల నడుమ బండి పోయేంత సందులు పడుతయి. ఎడమ వైపు సమంగ ఉంటే చాలు.

'సాఫ్ట్‌వేర్' అని కొట్టబోతే నీకు వకారం ట కింద వత్తుగా పడింది. నువ్వేమో నడుమ స్పేస్ కొట్టి విడదీసినవు. లైను చివరికి వస్తే ఆ మాట రెండు ముక్కలైతది. పొల్లు తర్వాత కర్సర్ పెట్టి, ఇంగ్లిష్ కీబోర్డులోకి మారి, 200 అంకె, వెంటనే ఇంగ్లిష్ సి అక్షరం కొట్టి, ఆల్ట్+ఎక్స్ నొక్కు. ఆ నాలుగూ మాయమై, కంటికి కనిపించని గుర్తు పడుతది. వకారం విడిగా నిలబడుతది. కీబోర్డు మార్చేది విండోస్+స్పేస్‌తోనని నీకు ఎట్లాగూ తెలుసు.

హెడ్డింగులను చేత్తో బోల్డ్ చేసి సైజు పెంచుడు మానెయ్యి. అధ్యాయం పేరు మీద కర్సర్ పెట్టి కంట్రోల్+ఆల్ట్+1, ఉపశీర్షికకు కంట్రోల్+ఆల్ట్+2. అట్ల చేస్తేనే రెఫరెన్సెస్ ట్యాబ్‌లోని టేబుల్ ఆఫ్ కంటెంట్స్ విషయసూచికను తానే కడుతది. పేజీలు జరిగినప్పుడు సూచిక మీద ఎఫ్9 నొక్కితే నంబర్లు సరిపోతయి. ఇప్పుడు నువ్వు చుక్కలు కొట్టి చేసిన సూచికలో అధ్యాయాలన్నీ తప్పు పేజీలనే చూపిస్తున్నయి. కొత్త అధ్యాయానికి వరసగా ఎంటర్లు కొట్టకు, కంట్రోల్+ఎంటర్ కొట్టు.

పేజీ కొలత ఏ4 పెట్టు, 210×297 మిల్లీమీటర్లు. నీది లెటర్ అనే వేరే కొలతలో ఉంది. బైండింగ్ కోసం ఎడమ మార్జిన్ 1.5 అంగుళాలు, మిగిలిన మూడు వైపులా ఒక్కో అంగుళం. మీ డిపార్ట్‌మెంట్ వేరే కొలత ఇస్తే అదే ఖాయం. మొదటి అధ్యాయం నుంచి నంబరు 1 మొదలుకావాలంటే ఆ పేజీ ముందు లేఅవుట్, బ్రేక్స్‌లోకి పోయి, సెక్షన్ బ్రేక్స్ కిందున్న నెక్స్ట్ పేజ్ పెట్టు. తర్వాత ఆ అధ్యాయం ఫుటర్‌లో లింక్ టు ప్రీవియస్ తీసేసి, ఫార్మాట్ పేజ్ నంబర్స్‌లో స్టార్ట్ ఎట్ 1 అను. లింక్ తీయకుండా ముందు పేజీల్లో నంబరు చెరిపితే ఇక్కడివీ పోతయి.

ఫొటోలన్నీ ఇన్‌లైన్ విత్ టెక్స్ట్‌లో పెట్టు, లేకుంటే ఒక లైను చేరిస్తే మదనిక బొమ్మ పోయి ఇంకో పేజీలో కూసుంటది. ఫోన్ ఫొటోలు ఒక్కోటి ఐదారు ఎంబీ ఉంటయి కాబట్టి ఫైలు బరువెక్కింది. ఒక ఫొటో మీద క్లిక్ చేసి, పిక్చర్ ఫార్మాట్‌లో కంప్రెస్ పిక్చర్స్ తెరిచి, ఈ ఒక్క ఫొటోకే అన్న టిక్ తీసేయి. రిపోర్టుకు 220 పీపీఐ, స్లైడ్లకు 150 పీపీఐ చాలు. సేవ్ చేసినంక వెనక్కి రాదు, అసలు ఫొటోలు వేరే ఫోల్డర్లో దాచుకో.

స్లైడ్ల సంగతి వేరు. రిపోర్టులోని పేరాను తెచ్చి స్లైడ్ మీద పోసినవు. పట్టనప్పుడు పవర్‌పాయింట్ దానంతట అదే అక్షరాలు చిన్నగ చేసుకుంటూ పోతది, నీకు 16కి దిగింది. వెనక బెంచీకి అది చీమల బారు. ఆ పేరాలో చూపించాల్సినవి మూడే: శాసనం 1213, వేయించినవాడు రేచర్ల రుద్రుడు, యునెస్కో గుర్తింపు 2021. ఆ మూడు లైన్లూ 32లో పెట్టు, కాకతీయ గణపతిదేవుని కాలం, ఇసుక పునాది ముచ్చట నోటితో చెప్పు. తెలుగు అక్షరం 28 కంటే తగ్గొద్దు. మండలి ఫాంటును బోల్డ్ చేయకు, దానికి అసలు బోల్డ్ లేదు, కంప్యూటర్ దొంగ బోల్డ్ గీసి వత్తులను ముద్ద చేస్తది. ఫాంటు, రంగు మార్చాలంటే స్లైడ్ స్లైడ్‌కూ తిరగకు, వ్యూలోని స్లైడ్ మాస్టర్‌లో ఒక్కసారి మార్చు.

ఫాంటు వెంట పోవాలంటే ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి పోయి ఎంబెడ్ ఫాంట్స్‌కు టిక్ పెట్టు. అన్ని ఫాంట్లూ దానికి ఒప్పుకోవు, కాబట్టి పీడీఎఫ్ కూడా ఒకటి తీసిపెట్టుకో. జిరాక్స్ సెంటర్‌కు పీడీఎఫే ఇయ్యి, వర్డ్ ఫైలు ఇయ్యకు.

హాల్‌లో విండోస్+పీ నొక్కి ఎక్స్‌టెండ్ పెడితే నోట్స్ నీకు, స్లైడ్ వాళ్లకు కనిపిస్తయి. మధ్యలో ఎవరన్నా ప్రశ్న అడిగితే బీ నొక్కు, తెర నల్లబడుతది. మళ్లీ నొక్కితే వస్తది. ఎనిమిదో స్లైడ్ చూపించమంటే 8 కొట్టి ఎంటర్, అందరి ముందు వెనక్కి వెనక్కి తిప్పేది ఉండదు. పాత ప్రొజెక్టర్లకు వీజీఏ వైరే ఉంటది, నీ ల్యాప్‌టాప్‌కు హెచ్‌డీఎమ్‌ఐ ఒక్కటే ఉంది. కన్వర్టర్ మన ఇంట్ల టీవీ కింది డ్రాయర్లో ఉంది, పోయేటప్పుడు తీసుకపో.

మీ కాక