మామగారికి బీఫ్ గ్రేవీ టోస్ట్ చేసిపెట్టే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ దీవించి వ్రాయునది.

నీ ఉత్తరం నిన్న అందింది. అత్తగారు పోయిన దగ్గర నుంచి మీ మామగారు సరిగ్గా భోజనం చేయడం లేదని, నోరు తెరిచి అడిగేది కాల్చిన బ్రెడ్ మీద గొడ్డుమాంసపు గ్రేవీ పోసి పెట్టే బీఫ్ గ్రేవీ టోస్ట్ ఒక్కటేనని, నీవు రెండుసార్లు చేసిపెడితే రెండుసార్లూ సగం పళ్లెం వదిలేసి లేచారని చదివి నాకు బాధ కలిగింది. ఇక్కడ పెన్సిల్వేనియాలో డైనర్ అనే ఒక చిన్న హోటల్ వంటగదిలో నేను ఇరవై రెండేళ్లు పొద్దుటి పూట వంట చేశాను. అన్నేళ్లలో ఈ గ్రేవీ వండని రోజులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కాబట్టి నాకు తెలిసినదంతా రాస్తున్నాను, నిదానంగా చదువు.

నీవు ఉల్లిపాయ వేయించి, అల్లంవెల్లుల్లి ముద్ద వేసి, చివర కాస్త గరం మసాలా చల్లానని రాశావు. అది రుచిగానే ఉండి ఉంటుంది, నీ చేతి వంట నాకు తెలుసు. అయితే ఆయన అడిగింది కూర కాదమ్మా. పంతొమ్మిదేళ్ల వయసులో, తెల్లవారకముందే అమెరికా సైన్యపు భోజనశాలలో వరుసలో నిలబడి పళ్లెం చాపితే గరిటెడు పోసిన తెల్లటి గ్రేవీని ఆయన అడుగుతున్నారు. అందులో మిరియాల ఘాటు తప్ప మరొక ఘాటు ఉండదు. మన ఇంట్లో జ్వరం తగ్గి లేచిన మనిషి చారన్నం కావాలంటే చారన్నమే పెడతాం గానీ, మరింత రుచిగా ఉంటుందని పులిహోర పెట్టం. ఇదీ అంతే. నీకు చప్పగా తోచినా సరే, మసాలా డబ్బా మూత తీయవద్దు.

ఈ వంటకం అమెరికా సైన్యంలో వందేళ్లకు పైబడి ఉంది. 1910 నాటి సైనిక వంటవాళ్ల పుస్తకంలో 60 మందికి సరిపడా కొలతలు ఉన్నాయి: సన్నగా కోసిన ఎండు గొడ్డుమాంసం 15 పౌన్లు (పౌను అంటే అరకిలో కంటే కాస్త తక్కువ), కొవ్వు ఒక పౌను, అది వెన్న అయితే మేలు, ఆ కొవ్వులో వేయించడానికి మైదా పౌనుంపావు, డబ్బాపాలు రెండు డబ్బాలు, మాంసం ఉడికించిన నీళ్లు ఆరు క్వార్టులు, అంటే ఐదున్నర లీటర్లకు కాస్త పైగా, కొత్తిమీరను పోలిన పార్స్లీ ఆకు ఒక కట్ట, మిరియాలు పావు ఔన్సు. ఉప్పు ఆ జాబితాలో ఎక్కడా లేదు. మాంసంలో ఉన్న ఉప్పే చాలునని రాసినవారికి తెలుసు. రెండో సంగతి, మైదాను కొవ్వులో వేయించమని ప్రత్యేకంగా చెప్పారు. ఈ వంటలో చెడేవాళ్లందరూ చెడేది ఈ రెండు చోట్లే.

సైనికులు దీనిని ఎస్.ఓ.ఎస్. అని మూడక్షరాలతో పిలుస్తారు. దాని పూర్తి రూపంలో మొదటి మాట మొరటుది, ఉత్తరంలో రాయదగినది కాదు. చివరి మాటకు ఇంటి పైకప్పు మీద పరిచే పెంకు అని అర్థం, అంటే అడుగున ఉన్న టోస్ట్ అన్నమాట. మీ మామగారి నోట ఆ మాట వస్తే నొచ్చుకోకు. మా డైనర్‌కు వచ్చే ముసలి సైనికులు ఆ పేరును ఎంత ఆప్యాయంగా పలికేవారో నేను చెవులారా విన్నాను.

వండబోయే ముందు ఆయనను ఒక్క ప్రశ్న అడుగు: గ్రేవీలో మాంసం రేకులుగా ఉండేదా, ఖీమాగా ఉండేదా? పాత తరం సైనికులకు ఎండు మాంసపు రేకులతో చేసినదే అసలైనది, తరువాత వచ్చినవారిలో చాలామందికి ఖీమాతో చేసినదే గుర్తు. నౌకాదళంలో పనిచేసినవారిలో కొందరు టమాటా వేసిన ఎర్రటి ఖీమాను కూడా ఇదే పేరుతో పిలుస్తారు. నీవు ఎంత బాగా చేసినా, ఆయన మనసులో ఉన్నది మరొకటి అయితే ఆ పళ్లెం మళ్లీ సగంలోనే ఆగిపోతుంది.

ఎండు మాంసమే అయితే ఆర్మర్, హార్మెల్ వంటి కంపెనీల చిన్న గాజు సీసాలు దుకాణంలో దొరుకుతాయి. మూత తీయగానే గుండ్రటి పలుచని రేకులు ఒకదానికొకటి అంటుకొని, ముదురు ఎరుపులో కనిపిస్తాయి. నల్లగొండలో మన నాయనమ్మ పసుపు, ఉప్పు పట్టించి దండెం మీద ఆరవేసిన ఒట్టి తునకలు నీకు గుర్తుండే ఉంటాయి. గోంగూరలో వేయబోయే ముందు ఆమె వాటిని వేడినీళ్లలో నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోసేది. ఈ రేకులకూ అదే మర్యాద చేయాలి. విడదీసి, వేలెడు వెడల్పు ముక్కలుగా చింపి, వేడినీళ్లు పోసి ఐదు నిమిషాలు ఉంచి, నీళ్లు వంపేసి, గుడ్డతో అద్ది తడి తీసెయ్యి. మామగారికి రక్తపోటు ఉంది కనుక రెండోసారి కూడా నీళ్లు పోసి వంపు. ఆ తరువాత ఒక ముక్క నోట్లో వేసుకొని ఉప్పు చూడు.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్న పాఠం. పనిలో చేరిన మొదటి నెలలో, నానబెట్టకుండా, పైగా అలవాటు కొద్దీ చెంచాడు ఉప్పు కూడా వేసి పెద్ద గిన్నెడు గ్రేవీ కాచాను. మొదటి పళ్లెం అందుకున్న పెద్దాయన ఒక్క ముద్ద తిని, ఏమీ అనకుండా కాఫీ తాగి, డబ్బులు బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. గిన్నె మొత్తం పారబోశాను. అప్పటి నుంచి ఈ గ్రేవీకి ఉప్పు అనేది అన్నీ అయిన తరువాత, రుచి చూసి, అవసరమైతేనే.

ఇక అసలు పని. నలుగురికి నాలుగు టేబుల్‌స్పూన్ల వెన్న, నాలుగు టేబుల్‌స్పూన్ల మైదా, రెండున్నర కప్పుల పాలు, ఒక నాలుగున్నర ఔన్సుల సీసా మాంసం తీసుకో. అడుగు మందంగా ఉన్న మూకుడులో వెన్న కరిగించి, ఆరబెట్టిన ముక్కలను ముందు రెండు నిమిషాలు వేయించు. అంచులు కొద్దిగా ముడుచుకొని, వాసన వచ్చేంత వరకు చాలు, గట్టిపడనివ్వవద్దు. తరువాత మైదాను ఒక్కచోట కుప్పగా పోయకుండా అంతటా చల్లి, సన్నని మంట మీద గరిటె ఆపకుండా కలుపు. నేను గడియారం చూసి చెప్పాలంటే రెండు, మూడు నిమిషాలు. కానీ నీకు గడియారం కంటే ముక్కు నమ్మకమైనది. సున్నుండలకు మినుములు వేయించేటప్పుడు పచ్చివాసన పోయి కమ్మటి వాసన లేచే క్షణం ఒకటి ఉంటుంది కదా, మైదాకూ అటువంటి క్షణం ఉంది. అది రాకముందే పాలు పోస్తే ఎంత ఉడికించినా గ్రేవీలో పిండి రుచి, నాలుక మీద జిగట మిగిలిపోతాయి. ఆ క్షణం దాటి ఎర్రబడితే గ్రేవీ తెల్లగా రాదు, చిక్కదనం కూడా తగ్గుతుంది.

పాలు పోయడంలో తొందరపడవద్దు. మొదట అరకప్పు మాత్రమే పోసి, ముద్దగా అయ్యేదాకా గట్టిగా కలుపు. అది చూడటానికి పాడైపోయినట్టే ఉంటుంది, భయపడకు. ఇంకొక అరకప్పు పోస్తే ముద్ద సడలుతుంది, మూడోసారికి నునుపుగా అవుతుంది. మైదా రేణువుల చుట్టూ వెన్న పట్టి ఉండటం వల్ల అవి విడివిడిగా ఉంటాయి, పాలు కొంచెం కొంచెంగా అందితే అన్నీ సమంగా ఉబ్బుతాయి. ఒక్కసారిగా కుమ్మరిస్తే మజ్జిగ పులుసులో శనగపిండి ఉండలు కట్టినట్టే ఇదీ కడుతుంది. చివరి అరకప్పు పాలు చేతిలో ఉంచుకో. మెల్లగా ఉడుకు వచ్చిన తరువాతనే మైదా తన పూర్తి చిక్కదనం చూపుతుంది. అంతకుముందే పలుచగా ఉందని ఇంకొంత పిండి కలిపితే, పది నిమిషాల్లో అది సంకటి అవుతుంది. ఐదు నిమిషాలు సన్నగా ఉడకనిచ్చి, గరిటె వెనుక వైపు వేలితో గీత గీసి చూడు. గీత చెరగకుండా నిలిస్తే, గ్రేవీ గరిటె జారుగా పడితే, సరిగ్గా కుదిరినట్టు. అప్పుడు మిరియాలు దంచి ధారాళంగా వెయ్యి, దుకాణంలో కొన్న పొడి కాదు.

ఆయన ఖీమా అంటే పని ఇంకా తేలిక. ఒక పౌను బీఫ్ ఖీమాను, ఐదోవంతు కొవ్వు ఉన్నదే చూసి, పొడి మూకుడులో చిదుముతూ ఎక్కడా ఎరుపు కనిపించకుండా వేయించు. ఖీమా 160 డిగ్రీల ఫారన్‌హీట్ వేడికి చేరాలని ఇక్కడి ప్రభుత్వం చెబుతుంది. పెద్దవాళ్లకు పెట్టేటప్పుడు ఆ నియమాన్ని నేను ఎన్నడూ తప్పలేదు. ఊరిన కొవ్వును వంపేయకు, మైదా వేగేది అందులోనే. తక్కువైతే చెంచాడు వెన్న వెయ్యి. మైదా, పాలు, వరుస అంతా పైన చెప్పినట్టే. చివర వూస్టర్ సాస్ అనే పుల్లటి, ఉప్పటి నల్లని సాస్ ఒక చెంచా వేస్తే మాంసం రుచి నిలబడుతుంది. ఇందులో ఉప్పు నీ చేతిలో ఉంటుంది కనుక, మామగారి ఆరోగ్యం దృష్ట్యా నాకు ఇదే మేలని తోస్తుంది, ఆయనకు ఇష్టమైతేనే సుమా.

టోస్ట్‌ను చిన్నచూపు చూడవద్దు. మామూలు తెల్ల బ్రెడ్, నిన్నటిది అయితే ఇంకా మంచిది, రెండు వైపులా లోపలి తడి పోయేంతగా కాల్చు. చాకుతో గీస్తే గరగరమనాలి. మెత్తగా తీస్తే గ్రేవీ పడగానే నీరుగారి గుజ్జవుతుంది. ఆయన కుర్చీలో కూర్చున్న తరువాతనే టోస్ట్ మీద గ్రేవీ పొయ్యి, ఒక మూల మాత్రం తడవకుండా వదిలెయ్యి. మా డైనర్‌లో చాలామంది ఆ పొడి మూలను చివరిదాకా దాచుకొని, పళ్లెంలో మిగిలిన గ్రేవీని దానితో తుడిచి తినేవారు. పక్కన ఎర్రగా వేయించిన నాలుగు బంగాళాదుంప ముక్కలు ఉంటే చాలు.

మిగిలిన గ్రేవీని రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టు. మర్నాటికి గడ్డకట్టినట్టు ఉంటుంది, రెండు చెంచాల పాలు చిలకరించి సన్నటి మంట మీద కలిపితే మళ్లీ జారుగా వస్తుంది. టోస్ట్ మాత్రం ఎప్పటికప్పుడు కొత్తది కాల్చు. మొదటిసారి పెట్టినప్పుడు నీవు కూడా ఒక పళ్లెం తెచ్చుకొని ఆయన ఎదురుగా కూర్చో, భోజనశాలలో ఎవరూ ఒంటరిగా తినరు. రేకులన్నారో ఖీమా అన్నారో, పొడి మూల ఎప్పుడు తిన్నారో నాకు తప్పకుండా రాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ