పాప మడ అడవుల మీద పని చేస్తానంటోంది, ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా పాప ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. నీట్ రాయదట. ఉప్పెన నుంచి తీరాన్ని కాపాడే మడ అడవుల మీద పని చేస్తానంటోంది. తిరుపతిలో ఉండేవాళ్లకు సముద్రం చదువెందుకు? నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి

జవాబు: సముద్రం మీకు దూరమేమీ కాదండీ. 2022లో ఏర్పడిన మీ తిరుపతి జిల్లాలోనే సూళ్లూరుపేట, తడ, వాకాడు, పులికాట్ సరస్సు ఉన్నాయి.

ఇది మొక్కలు నాటే పని మాత్రమే అనుకోకండి. వంద మీటర్ల మడ అడవి దాటేలోపు అల ఎత్తు 13 నుంచి 66 శాతం దాకా తగ్గుతుందని పరిశోధకులు లెక్కగట్టారు. అదే 1977లో దివిసీమను ముంచినలాంటి ఉప్పెన నీటిమట్టం తగ్గాలంటే అడవి కిలోమీటర్ల వెడల్పు ఉండాలి. ఎక్కడ చెట్లు సరిపోతాయి, ఎక్కడ గట్టు కూడా కావాలి అని తేల్చగల మనుషులు కావాలి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో పాడైన మడ నేలల్లో నీరు నిలిచి, ఆవిరై, ఉప్పు పేరుకుపోయి మొక్క బతికేది కాదు. చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీరు వచ్చి పోయేలా చేశాకే అక్కడ మడ మళ్లీ పెరిగింది. మట్టీ నీరూ చెట్టూ మూడూ తెలిసినవాళ్లు చేసిన పని అది. నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ.

చదువు సంగతి. మ్యాథ్స్ లేదు కాబట్టి సివిల్ ఇంజినీరింగ్ కుదరదు. ఏర్పేడు దగ్గరున్న ఐసర్‌కు (సైన్స్ డిగ్రీ చదివించే కేంద్ర సంస్థ) ప్రవేశ పరీక్ష రాయించండి. లేదంటే బోటనీ, జువాలజీతో డిగ్రీ. దాంతో ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకూ అర్హత వస్తుంది. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో ఫిషరీస్ కాలేజీ ఉంది. డిగ్రీలో ఉండగానే జీఐఎస్ మ్యాపులు, అంటే కంప్యూటర్‌లో నేల వివరాలతో పటాలు, గీయడం నేర్చుకోవాలి.

ఉద్యోగం గురించి ఉన్నమాట చెబుతాను. ‘మడ అడవుల నిపుణులు కావలెను’ అని ఏటా నోటిఫికేషన్ రాదు. అటవీ శాఖ, చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం, స్వామినాథన్ ఫౌండేషన్ లాంటి చోట్ల పని ఉంటుంది. మడ అడవుల పెంపకానికి 2023లో కేంద్రం ‘మిష్టి’ పథకం కూడా తెచ్చింది. కానీ మొదటి కొన్నేళ్లు ప్రాజెక్టు కాంట్రాక్టులే ఎక్కువ, జీతం తక్కువ. పీజీ తప్పనిసరి అనుకోండి. ఆ ఏళ్లకు ఇంట్లో ఆసరా ఇవ్వగలరా అన్నది మీరు ఇప్పుడే లెక్క వేసుకోవాలి.

ఈలోగా ఒక ఆదివారం పాపను పులికాట్‌కు తీసుకెళ్లండి. సరస్సు ముఖద్వారం ఇసుకతో పూడితే ఏమవుతుందో అక్కడి మత్స్యకారులను తననే అడగనివ్వండి. సాయంత్రం దాకా నోట్‌బుక్‌లో రాసుకుంటూ కూర్చుందంటే ఐసర్ దరఖాస్తు నింపించండి.