టాలిన్, టార్టు కాకుండా ఎస్టోనియాలో ఒక చిన్న ఊరు చూడాలంటే ఏది? ఆ ఊళ్ళో పుట్టి పేరు తెచ్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

హాప్సలు వెళ్ళండి. మాస్టర్స్‌కి టాలిన్ వచ్చాం, ఓల్డ్ టౌన్ తిరగడం అయిపోయింది, ఎండాకాలంలో అమ్మానాన్న వస్తున్నారు, ఎక్కువ ప్రయాణం లేని చిన్న ఊరు ఏదైనా చెప్పండి, ఆ ఊరి గొప్పవాళ్ళెవరో కూడా చెప్పండి అన్నారు కదా, వీటన్నిటికీ సరిపడే ఊరు నాకు తెలిసి ఇదే. నేను టాలిన్‌లోనే ఉద్యోగం చేస్తున్నా, మా టీమ్‌లో ఒకతను హాప్సలులో పుట్టి పెరిగినవాడు, అతని పుణ్యమా అని అటు పోవడం బాగా అలవాటైంది.

ముందే ఒక మాట. ఈ ఊరి గురించి వెతికితే మీకు మొదట కనబడే పేర్లు రష్యా జార్ చక్రవర్తులు, రష్యన్ సంగీతకర్త చైకోవ్‌స్కీ. వాళ్ళు అక్కడికి చుట్టపుచూపుగా వచ్చి పోయినవాళ్ళు, అంతే. ఊరి పెద్దలు చైకోవ్‌స్కీ పేరు మీద బెంచీ కట్టి టూరిస్టులకి చూపిస్తారు, మంచిదే, కానీ ఆ ఊరి సొంత పేరు కత్తిసాములో ఉంది, దాని సంగతి బయట ఎవరూ సరిగ్గా చెప్పరు. అక్కడికి తర్వాత వస్తా.

టాలిన్ నుంచి పశ్చిమ తీరం వైపు సుమారు 100 కిలోమీటర్లు, బస్సులో గంటన్నర, అటూ ఇటూ. ఆ బస్సు మిమ్మల్ని దించేది రైల్వే స్టేషన్ ముందు. రైళ్ళు లేని స్టేషన్ అది. 1904లో లైన్ వేశారు, 1907కి ఈ స్టేషన్ కట్టారు, జనాభా చూస్తే ఇప్పటికీ పదివేలకి అటూ ఇటూ, అలాంటి ఊరికి 216 మీటర్ల పొడుగునా పైకప్పున్న ప్లాట్‌ఫాం! ఎందుకయ్యా అంటే జార్ గారి కుటుంబం, వాళ్ళ పరివారం రైలు దిగేటప్పుడు వాన పడితే తడవకూడదని. చెక్క స్తంభాలు, వాటి మీద చెక్కిన నగిషీలు, వరసగా అలా వెళ్తూనే ఉంటాయి, ఒక చివర నించుని చూస్తే రెండో చివర మనిషి చిన్న బొమ్మలా కనబడతాడు. రాజకుటుంబం కూర్చోడానికి విడిగా కట్టిన భాగంలో ఇప్పుడు రైల్వే మ్యూజియం పెట్టారు, బయట పాత ఇంజన్లు నిలబెట్టి ఉంటాయి, మీ నాన్నగారికి ఇంజన్ల పిచ్చి ఉంటే ఇక్కడే రెండు గంటలు పోతాయి చూసుకోండి. 1995లో ప్యాసింజర్ రైళ్ళు ఆపేశారు, తర్వాత పట్టాలు కూడా పీకేశారు, ఆ కట్ట మీదే ఇప్పుడు సైకిల్ దారి ఉంది, చెట్ల మధ్య నుంచి సూటిగా పోతది, చాలా బాగుంటది. రైలు మళ్ళీ ఎప్పుడొస్తది అని మా వాడిని అడిగితే నవ్వి ఊరుకుంటాడు.

అసలు జార్లు ఇంత చిన్న ఊరికి ఎందుకొచ్చారు అంటే బురద కోసం. నిజంగానే. కార్ల్ అబ్రహాం హున్నియస్ అని ఒక డాక్టరు, అక్కడి జాలర్లూ పల్లెవాళ్ళూ కీళ్ళ నొప్పులకి సముద్రపు బురద పూసుకోవడం గమనించి, అదేంటో పట్టించుకుని, 1825లో బురద వైద్యశాల పెట్టించాడు. అప్పటి రష్యా రాజధాని పీటర్స్‌బర్గ్‌లో డబ్బున్నోళ్ళందరూ ఎండాకాలం వచ్చి అక్కడ వాలడం మొదలుపెట్టారు, వాళ్ళ వెనకే రాజకుటుంబం. ఆ బురద నల్లగా, మెత్తగా, కుళ్ళిన గుడ్డు వాసనతో ఉంటది, గోరువెచ్చగా చేసి ఒంటికి పట్టించి దుప్పటి కప్పి పడుకోబెడతారు. ఇప్పటికీ చేస్తారు, నరాల జబ్బులకి రిహాబిలిటేషన్ చేసే పెద్ద ఆస్పత్రి కూడా ఈ ఊళ్ళోనే ఉంది. అమ్మగారికి మోకాళ్ళ నొప్పులుంటే ట్రై చేయొచ్చు, కాకపోతే బీపీ, గుండె సమస్యలుంటే వేడి బురద జోలికి డాక్టర్ని అడక్కుండా పోవద్దు.

చైకోవ్‌స్కీ 1867 ఎండాకాలంలో తమ్ముళ్ళతో వచ్చాడు, అప్పటికి 27 ఏళ్ళు, పేరింకా పెద్దగా లేదు. ఇక్కడ రాసుకున్న పియానో ముక్కలకి ఈ ఊరి పేరే పెట్టి వెరా దవిదోవా అనే అమ్మాయికి అంకితమిచ్చాడు, ఆ అమ్మాయికి ఈయనంటే ఇష్టం, ఈయనకి అలాంటి ఉద్దేశం లేదు, అదో కథ. సముద్రం ఒడ్డున ఆయన పేరు మీద రాతి బెంచీ ఉంది, కూర్చుని ఫొటో దిగండి. ఆ నడకదారి మీదే 1898లో కట్టిన కుర్‌సాల్ ఉంది, చెక్క భవనం, వేసవి సాయంత్రాలు పాటలు, డాన్సులు అక్కడే. నీళ్ళలో తెల్ల ఎలుగుబంటి విగ్రహం ఒకటి నిలబడి ఉంటది, పిల్లలకి భలే సరదా. కానీ వైజాగ్ బీచ్‌ని ఊహించుకుని వెళ్ళకండి, అక్కడి సముద్రం మన ఊరి చెరువులా కదలకుండా ఉంటది, లోతు లేదు, ఒడ్డంతా రెల్లు. వలస పక్షులకి మాత్రం స్వర్గం.

కోట సంగతి అందరూ చెప్తారు కాబట్టి నేను తొందరగా కానిస్తా. 13వ శతాబ్దంలో బిషప్పు కట్టించుకున్నది, ఊరికి పట్టణ హోదా వచ్చింది 1279లో, బయటి గోడ పొడవు 800 మీటర్ల పైనే. లోపల పెద్ద చర్చి, దాన్నానుకుని గుండ్రంగా బాప్తిస్మం ఇచ్చే గది. ఆ గది కిటికీలోనే ఆగస్టు పౌర్ణమి రాత్రుళ్ళు తెల్లచీర దెయ్యం కనబడుతుందంటారు (చీర నేను కట్టించా, వాళ్ళు తెల్ల దొరసాని అంటారు). కథేంటంటే, కోటలో ఉండే ఒక క్రైస్తవ గురువు ఊరి అమ్మాయిని ప్రేమించి, ఆడవాళ్ళకి ప్రవేశం లేదు కాబట్టి ఆ పిల్లకి మగపిల్లాడి వేషం వేసి పాటల బృందంలో కలిపేశాడు, ఎన్నాళ్ళకో బయటపడింది, అతన్ని చీకటికొట్లో పడేసి ఆకలితో చంపారు, అమ్మాయిని కట్టే గోడలో సజీవంగా పెట్టి మూసేశారు. కిటికీ అద్దాల మీద వెన్నెల పడే కోణం వల్ల మనిషి ఆకారంలా వెలుగు ఏర్పడుతుంది, అది సైన్సు. అయినా ఆ టైముకి జనం కోట దగ్గర గుంపుగా చేరి, దుప్పట్లు కప్పుకుని, థర్మాస్‌లో కాఫీ తాగుతూ ఎదురుచూస్తారు, అప్పుడే ఆ దొరసాని పేరుతో ఉత్సవం కూడా చేస్తారు. మబ్బు పడితే గోవిందా.

అమ్మ కోసమైతే కోట కంటే శాలువా ముందు చూపించండి. హాప్సలు శాలువా అంటే ఆ దేశంలో పెద్ద పేరు. స్పాకి వచ్చే దొరసానుల కోసం 19వ శతాబ్దంలో ఇక్కడి ఆడవాళ్ళు అల్లడం మొదలుపెట్టారు, సన్నటి ఉన్ని దారం, మొత్తం శాలువా ఉంగరంలోంచి దూరిపోవాలి, అదీ లెక్క. లేస్ సెంటర్‌లో ఒక పెద్దావిడ పక్కన కూర్చుని చూశా. మధ్య భాగం విడిగా అల్లుతారు, చుట్టూ వచ్చే లేస్ అంచు విడిగా అల్లి చేత్తో కుడతారు. డిజైన్‌లో చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి, ఒకే కన్నులోంచి ఏడో తొమ్మిదో ఉచ్చులు వదులుగా తీసి, తిరుగు వరసలో అన్నిటినీ కలిపి ఒక్కటిగా అల్లేస్తే ఆ బుడిపె వస్తుంది. ఉచ్చు కాస్త బిగిస్తే సూది దూరదు, ఆవిడ వేళ్ళు చూస్తే అసలు బిగించినట్టే ఉండవు. తర్వాత ఉతికి, తడి మీదే చెక్క ఫ్రేముకి అంగుళం అంగుళం పట్టించి లాగి ఆరబెడతారు, అప్పటిదాకా ముడతలు పడ్డ గుడ్డలా ఉన్నది ఒక్కసారిగా లేస్ అయిపోతుంది. ఆ బుడిపెల గురించి అక్కడో మాట చెప్పుకుంటారు, శాలువాలు తూకానికి కొనేవాళ్ళట, దారం ఎక్కువ పడితే బరువు పెరిగి డబ్బులు ఎక్కువొస్తాయని బుడిపెలు పెట్టారట. మెషీన్‌కి ఆ పని రాదు కాబట్టి చేత్తో అల్లిందో కాదో దాంతోనే తెలుస్తుందంటారు. రేటు విని అమ్మ గుమ్మం దాటేస్తుంది, ముందే మానసికంగా సిద్ధం చేయండి.

ఇక మనుషులు. పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేసే ఇలోన్ విక్లాండ్ పుట్టింది 1930లో టార్టులో, పెరిగింది మాత్రం హాప్సలులో తాతా బామ్మల దగ్గర. 1944లో యుద్ధం ముంచుకొస్తుంటే 14 ఏళ్ళ పిల్ల పడవెక్కి స్వీడన్ వెళ్ళిపోయింది, అక్కడ పిల్లల కథల రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ పుస్తకాలకి ఏళ్ళ తరబడి బొమ్మలు వేసింది. ఆవిడ తన బొమ్మల అసలు ప్రతులు ఈ ఊరికి ఇచ్చేసింది, 2009లో వాటితో పిల్లల కోసం ఒక ఇల్లు తెరిచారు, పెద్దాళ్ళు కూడా చూడొచ్చు. ఆ పడవల ప్రయాణం ఆవిడ ఒక్కదానిదే కాదు, ఈ తీరంలో వందల ఏళ్ళుగా ఉన్న స్వీడిష్ మాట్లాడే పల్లెలు ఆ రెండు మూడేళ్ళలోనే దాదాపు ఖాళీ అయిపోయాయి, వాళ్ళ మ్యూజియం కూడా ఊళ్ళోనే ఉంది, చిన్నదే గానీ మనసు బరువెక్కుతుంది.

సంగీతంలో సిరిల్లుస్ క్రేక్. 1889లో దగ్గర పల్లెలో పుట్టాడు, చాలాకాలం హాప్సలులోనే బతికి 1962లో అక్కడే పోయాడు. ఫొనోగ్రాఫ్ పట్టుకుని పల్లెలు తిరిగి ముసలివాళ్ళ నోట పాత భక్తి పాటలు రికార్డు చేసి, వాటిని బృందగానాలుగా మలిచాడు. చైకోవ్‌స్కీ బెంచీ దగ్గర ఆగేవాళ్ళలో పదోవంతు మంది కూడా ఈయన ఉన్న ఇంటి వైపు వెళ్ళరు, నాకదే బాధ. యూట్యూబ్‌లో ఆయన కీర్తనలు రాత్రిపూట హెడ్‌ఫోన్స్‌లో వినండి.

ఇప్పుడు కత్తిసాము, అదే ఫెన్సింగ్. ఎండెల్ నెలిస్ అని (1925–1993), ఈ ఊరి బళ్ళో పీటీ మాస్టారు, సోవియట్ కాలంలో 1950ల్లో పిల్లలకి ఫెన్సింగ్ నేర్పడం మొదలుపెట్టాడు. ఆయన జీవితం మీద 2015లో ఫిన్లాండ్ డైరెక్టర్ సినిమా కూడా తీశాడు, గోల్డెన్ గ్లోబ్ నామినేషన్ దాకా వెళ్ళింది, కానీ అందులో కథ చాలా మార్చేశారు, దాన్నే చరిత్ర అనుకోకండి. ఆయన పోయాక కూతురు హెలెన్ నెలిస్-నౌకస్ కోచ్‌గా కొనసాగించింది. ఫలితం చూడండి. హాప్సలులో పుట్టిన నికొలాయ్ నొవొస్యోలొవ్ 2010లో ఒకసారి, 2013లో ఇంకోసారి ఎపే (ఫెన్సింగ్‌లో మూడు రకాల కత్తులుంటాయి, అందులో ఒకటి) వ్యక్తిగత విభాగంలో ప్రపంచ చాంపియన్. ఇదే ఊళ్ళో 1994లో పుట్టిన కత్రీనా లేహిస్, టోక్యో ఒలింపిక్స్‌లో వ్యక్తిగతంగా కాంస్యం కొట్టి, మూడు రోజులకే టీమ్‌తో కలిసి ఫైనల్లో దక్షిణ కొరియాని 36–32తో ఓడించి బంగారం తెచ్చింది. ఆ ఒలింపిక్స్‌లో ఎస్టోనియా దేశం మొత్తానికి వచ్చిన పతకాలే రెండు, రెండిట్లోనూ ఈ పిల్ల చెయ్యి ఉంది! మన భవానీ దేవి మన దేశం తరఫున ఒలింపిక్స్‌లో దిగిన మొదటి ఫెన్సర్ అయ్యింది కూడా ఆ టోక్యోలోనే, ఆమెది సేబర్, వీళ్ళది ఎపే.

ఎపేలో ఒళ్ళంతా టార్గెట్టే, కాలి బొటనవేలు తగిలినా పాయింటే, దాడి ముందు ఎవరిది అనే పేచీ ఉండదు, ఎవరి మొన ముందు తగిలితే వాళ్ళకి. అందుకని ఓపిక కావాలి, దూకుడుగా పోయినోడు మణికట్టు మీద తినేస్తాడు. మా టీమ్ అతను కూడా చిన్నప్పుడు నేర్చుకున్నాడు, ఊళ్ళో మన దగ్గర గల్లీ క్రికెట్ ఆడినంత మామూలుగా అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ కత్తి పట్టుకున్నవాళ్ళే అంటాడు, కొంచెం కోతలున్నా ఉండొచ్చు. ఆఫీసులో మీటింగుల్లో వీడు చివరిదాకా నోరు విప్పడు, అందరూ అలిసిపోయాక ఒక్క పాయింటు లేవనెత్తి గెలిచేస్తాడు, ఎక్కడ నేర్చుకున్నాడో ఇప్పుడర్థమైంది కదా.

ప్రాక్టికల్ సంగతులు: జూన్ నుంచి ఆగస్టు మధ్య వెళ్ళండి, వారాంతం అయితే రూమ్ ముందే బుక్ చేసుకోండి, ఆగస్టు పౌర్ణమి టైమైతే ఇంకా ముందు. ఊరంతా నడిచే చూడొచ్చు, పాత వీధుల్లో చెక్క ఇళ్ళు బాగుంటాయి, కానీ కొన్నిచోట్ల రాళ్ళు పరిచిన దారి, నాన్నగారికి చెప్పులు వద్దు, షూస్ వేయించండి. సముద్రపు గాలి జూలైలో కూడా చల్లగా కొడతది, స్వెట్టర్లు మర్చిపోవద్దు. శాకాహారులైతే కేఫుల్లో సూప్, కేకులతో సరిపెట్టుకోవాలి, పులిహోర కట్టుకుని సముద్రం ఒడ్డున తినేయడం ఉత్తమం, ఎవరూ ఏమీ అనుకోరు. ఒక్కరోజులో అయిపోద్ది, రెండో రోజు కూడా ఉంటే పక్కనే రోహుకులా రేవుకి వెళ్ళి వోర్మ్‌సి ద్వీపానికి ఫెర్రీ ఎక్కండి, సైకిళ్ళు పట్టుకెళ్ళొచ్చు. అదే రేవు నుంచి హియుమాకి కూడా ఫెర్రీ ఉంది గానీ అది పెద్ద ద్వీపం, ఒక పూటలో తేలేది కాదు, దానికి వేరే ప్రశ్న వేయండి, చెప్తా.